మన్యం బాటలో జీపు మర్యాద

చలికాలం వచ్చిందంటే శనివారం రాత్రి నుంచే నర్సీపట్నం మీదుగా కొండెక్కే బండ్ల వరస మొదలవుతుంది. విశాఖపట్నం, కాకినాడ, రాజమండ్రి నుంచి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది తెల్లవారకముందే లంబసింగి చేరి, చెరువులవేనం మెట్ట మీద నిలబడి కింద పరుచుకున్న మేఘాలు చూసి, మధ్యాహ్నానికి దిగిపోతారు. ఈ మధ్య వీళ్ళకు ఇంకో రకం ప్రయాణికులు తోడయ్యారు. నలుగురైదుగురు స్నేహితులు, రెండు మూడు ఫోర్ బై ఫోర్ బండ్లు. థార్, జిమ్నీ, గూర్ఖా, లేదా ఎక్కడో వెతికి కొన్న పాత జిప్సీ. గుడారాలు, స్టవ్వు, బియ్యం, నీళ్ళ క్యాన్లు, రెండో స్టెప్నీ కట్టుకుని చింతపల్లి, గూడెం కొత్తవీధి, సప్పర్ల, సీలేరు, డొంకరాయి మీదుగా తిరిగి తిరిగి చింతూరు వైపు తేలతారు. తారు రోడ్డు ఉన్నచోట కూడా దాన్ని వదిలి పక్కనున్న మట్టిబాట పట్టడమే వాళ్ళకు ముచ్చట. ఈ ముచ్చట మంచిదే. దారి అడిగి తెలుసుకోవడం, దిగబడ్డ బండిని నలుగురూ కలిసి పైకి తేవడం, ఉన్న నీళ్ళతోనే వంట కానివ్వడం, పొద్దు వాలకముందే ఆగడం ఇలాంటి ప్రయాణంలో వచ్చినంత బాగా ఇంకెక్కడా రావు. అయితే ఈ కొండల్లో మట్టిబాట ఊరికే పడి ఉన్నది కాదు. దానికో చరిత్ర ఉంది, రోజూ దాని మీద నడిచే జనం ఉన్నారు. ఆ సంగతి తెలిస్తే బండి నడిపే తీరే మారుతుంది. బండిని నేర్పుగా నడపడం వేరు, బాట చెడకుండా నడపడం వేరు అని చాలామంది అనుకుంటారు. రెండూ ఒకటే విద్య అన్నది నా వాదన.

ముందు చరిత్ర. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి రోడ్డు వేయించే పని బ్రిటిష్ ప్రభుత్వం గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్‌కు అప్పగించింది. అతను కొండ మీది ఊళ్ళవాళ్ళను బలవంతంగా పనిలోకి లాగాడు. ఇస్తానన్న కూలి సరిగా ఇవ్వలేదు. ఎదురు చెప్పినవాళ్ళకు దెబ్బలు పడ్డాయి. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చిన దగ్గర్నుంచి పోడు మీద, కట్టెల మీద, పశువుల మేత మీద ఒక్కొక్కటిగా పడుతూ వచ్చిన ఆంక్షలకు ఈ రోడ్డు పని తోడైంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం చేసిన దాడుల గురించి మన పిల్లలకు కూడా తెలుసు. ఆ దాడుల వెనకున్న కోపంలో ఈ రోడ్డు వాటా ఎంతో మాత్రం తక్కువమందికి తెలుసు. బత్తినపనుకుల మునసబుగా పనిచేసి ఆ పదవి పోగొట్టుకున్న గాం గంటందొర ఉద్యమంలోకి రావడానికి బాస్టియన్‌తో తగవే ఒక పెద్ద కారణం. ఆ తర్వాత నెల తిరగగానే, సెప్టెంబరు 24న, దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు మన్యం వీరుల చేతిలో చనిపోయారు. బాట ఇరుకు, రెండు వైపులా అడవి, ఆ బాట తెలిసినవాళ్ళు పైన, తెలియనివాళ్ళు కింద. 1924 మే 7న కొయ్యూరులో రాజును కాల్చి చంపేదాకా ఆ పోరాటం ఆ బాటల మీదే నడిచింది. గంటందొర తమ్ముడు మల్లుదొర జైలు నుంచి బతికి బయటపడి 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు వెళ్ళాడు. ఇప్పుడు మనం సెకండ్ గేరులో పాట పెట్టుకుని ఎక్కుతున్న డౌనూరు, లంబసింగి ఘాట్ వెనక ఇంత కథ ఉంది.

స్వాతంత్ర్యం తర్వాత కూడా ఈ కొండలకు పెద్ద రోడ్లు వచ్చింది ఎక్కువగా కిందివాళ్ళకు ఏదో ఒకటి కావాల్సి వచ్చినప్పుడే. 1955లో మాచ్‌ఖండ్‌లో కరెంటు పుట్టింది. తర్వాత సీలేరు నది మీద గుంటవాడ, డొంకరాయి, పొల్లూరు వరసగా వచ్చాయి. సిమెంటు, టర్బైన్లు మోసే లారీల కోసం దారులు తెరుచుకున్నాయి, కరెంటు మాత్రం చాలాకాలం పల్లెల నెత్తి మీది తీగల్లోంచే కిందికి పోయింది. కలప, వెదురు లారీలు కొన్ని దారులు తెచ్చాయి. జెర్రెల కొండల్లోని బాక్సైట్ కోసం 2015లో ప్రభుత్వం 97వ నంబరు జీవో ఇచ్చినప్పుడు, రోడ్డు వస్తోందంటే గని వస్తోందేమోనని జనం భయపడటంలో ఆశ్చర్యం లేదు. ఎన్నో ఆందోళనల తర్వాత ఆ జీవో రద్దయింది. ఇప్పుడు రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, కొయ్యూరు, లంబసింగి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం వెళ్ళే 516ఇ జాతీయ రహదారి కొండల్ని తొలుచుకుంటూ వస్తోంది. చిన్న పల్లెలకు వాటి అవసరం కోసమే రోడ్డు వేయాలన్న ఆలోచన వీటన్నిటికన్నా కొత్తది. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కొన్ని ఊళ్ళను కలిపింది. 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగూడ మండలం పెదపాడులో మొదలుపెట్టిన ‘అడవితల్లి బాట’ మిగిలిన వాటిని కలుపుతామంటోంది. ఇంకా కలవని ఊళ్ళు ఉన్నాయి కాబట్టే మన స్నేహితులకు తిరగడానికి మట్టిబాటలు మిగిలాయి. ఇది కాస్త ఇబ్బందిపెట్టే నిజం, కానీ ఇక్కణ్ణుంచే ఆలోచన మొదలుపెట్టాలి.

ఎందుకంటే ఆ బాట మీద ఏమేం నడుస్తాయో చూడండి. సంతరోజు తెల్లారకముందే పసుపు, రాజ్మా, చింతపండు, అడ్డాకుల మూటలతో ఆడవాళ్ళు దిగుతారు. కాఫీ పండ్లు కోసే రోజుల్లో బస్తాలు ఎత్తుకున్న బొలెరోలు తిరుగుతాయి. టీచరు బైకు మీద వస్తుంది, ఆశా కార్యకర్త నడిచి వస్తుంది. రేషను బియ్యం ఆ బాటనే వస్తాయి. నొప్పులు మొదలైన గర్భిణిని డోలీలో మోసేది కూడా ఆ బాట మీదే. ఒక కర్ర, దానికి కట్టిన దుప్పటి, ముందొకరు వెనకొకరు, మార్చుకోవడానికి పక్కన ఇద్దరు. డోలీ మోసేవాళ్ళు ముందు చూసేది పాదం ఎక్కడ పెట్టాలన్నదే. జారే రాయి, నీళ్ళు నిలిచిన గుంత, అంచు విరిగిన మలుపు వాళ్ళకు అడుగడుగునా లెక్కే. అంబులెన్సు రాలేని ఊళ్ళకు బైకు అంబులెన్సులు పెట్టారు. అవైనా బైకు చక్రం పట్టేంత సాపు బాట ఉంటేనే వెళ్తాయి. పట్నం నుంచి వచ్చినవాడికి సరదాగా కనిపించే మోకాటి లోతు గాడి, బైకు మీద కూర్చోబెట్టిన రోగికి అక్కడితో ప్రయాణం ఆగిపోవడం.

గాడి ఎలా పడుతుందో తెలిస్తే సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. తూర్పు కనుమల్లో ఈ భాగమంతా ఎక్కువగా ఖొండలైట్ రాయి. అది నీళ్ళకు, గాలికి కుళ్ళి ఎర్రమట్టిగా మారుతుంది. ఎండినప్పుడు ఆ మట్టి గట్టిగా, చక్కగా ఉంటుంది. తడిసిందంటే పైన జారుడు, లోపల మెత్తన. అలాంటి ఏటవాలులో ఎవరైనా యాక్సిలేటరు తొక్కి చక్రాన్ని ఉన్నచోటే గిరగిరా తిప్పితే, ముందు పైనున్న గులకరాళ్ళ పొర ఎగిరిపోతుంది. ఏళ్ళ తరబడి కాళ్ళు, బండ్లు తొక్కి బిగించిన పొర అది. దాని కింద మెత్తటి మట్టిలో రెండు గాళ్ళు తెరుచుకుంటాయి. ఆ రాత్రి వాన పడితే, అంతవరకు బాట పక్క కాలవలోకి పోయిన నీళ్ళు ఈ గాళ్ళ వెంట దిగుతాయి. నీటి వేగం పెరిగేకొద్దీ అది మోసుకుపోయే మట్టి ఎన్నో రెట్లు పెరుగుతుంది కాబట్టి, నాలుగు వానలకు గాడి కాస్తా వంక అవుతుంది. తర్వాత వచ్చిన బండి ఆ వంకను తప్పించుకుని పక్కన దిగుతుంది. పక్కన ఉన్నది ఎవరిదో కాఫీ తోట, లేదా సామలు చల్లిన చేను. బాట వెడల్పవుతుంది, చేను తరుగుతుంది. ఒక సాయంత్రం పది నిమిషాల వీడియో కోసం తిప్పిన చక్రం, ఒక పల్లెకు ఒక వానాకాలం దారి లేకుండా చేయగలదు. ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు, వాలులో నీళ్ళు పారే తీరే అంత.

ఇప్పుడు బండి వైపు నుంచి చూద్దాం. నా వాదనకు అసలు బలం ఇక్కడే ఉంది. మామూలు కారులో ఒక చక్రం బురదలో పడిందంటే అదే తిరుగుతుంది, గట్టి నేల మీదున్న చక్రం కదలదు. డిఫరెన్షియల్ చక్రాలకు శక్తి పంచే పద్ధతి అలాంటిది. జారే చక్రానికి ఎంత తక్కువ పట్టు ఉంటే, దాని జోడీ చక్రానికీ అంతే బలం అందుతుంది. ఫోర్ బై ఫోర్ బండిలో నాలుగు చక్రాలకూ శక్తి వెళ్తుంది. దానితో పాటు ‘లో’ గేరు ఉంటుంది. అది వేస్తే బండి వేగం బాగా తగ్గి, చక్రాలకు అందే బలం రెండు, రెండున్నర రెట్లవుతుంది. మనిషి నడిచినంత మెల్లగా, క్లచ్ తొక్కకుండా, చక్రం జారకుండా ఎక్కడానికే ఆ ఏర్పాటు. టైరు గాలి సంగతీ అంతే. రోడ్డు మీద ముప్పై, ముప్పై అయిదు దగ్గర ఉండే గాలిని మట్టిలో ఇరవై దాకా తగ్గిస్తారు. టైరు నేలకు ఆనే చోటు పొడవవుతుంది, పట్టు పెరుగుతుంది, బండి బరువు ఎక్కువ నేల మీద పరుచుకోవడంతో మట్టి మీద ఒత్తిడి తగ్గుతుంది. మళ్ళీ తారు రోడ్డెక్కగానే పంపుతో గాలి కొట్టుకోవాలి, లేకపోతే టైరు వేడెక్కి పాడవుతుంది. దిగేటప్పుడు ‘లో’లో మొదటి గేరు వేసి ఇంజనే బండిని పట్టి ఉంచేలా చేస్తారు. బ్రేకు గట్టిగా తొక్కితే చక్రం బిగుసుకుపోయి జారుతుంది, జారితే బండి అదుపు తప్పుతుంది, మట్టి లేచిపోతుంది. గమనించండి: బండి దిగబడకుండా కాపాడే ప్రతి మెళకువా బాటనూ కాపాడుతోంది. చక్రం ఖాళీగా తిరిగిందంటే నడిపేవాడు ఓడిపోయాడన్నమాట. బురద ఎగజిమ్ముతూ రయ్యిమని పోయేవాణ్ణి వీరుడిలా చూపించే ప్రకటనలు ఈ విద్యను తలకిందులుగా నేర్పుతున్నాయి.

గెడ్డ దాటడం ఇంకా సున్నితమైన పని. ఈ కొండల్లో వాగును గెడ్డ అంటారు. కల్వర్టు లేని చోట బాట నేరుగా గెడ్డలోకి దిగి అవతల ఎక్కుతుంది. ఆ రేవులో ఊరివాళ్ళు పెద్ద రాళ్ళు ఒక వరసలో పరిచి ఉంటారు, కాలినడకన దాటేవాళ్ళ కోసం. వాటికి పైవైపునో కిందివైపునో ఇసుకలో చేత్తో తవ్విన చెలమ ఉంటుంది, దాని పక్కన బిందె పెట్టుకునే బల్లపరుపు రాయి ఉంటుంది. చాలా ఊళ్ళలో కొండమీది ఊటకు పైపు వేసి, పంపు లేకుండా వాలుతోనే నీళ్ళు తెచ్చుకునే గ్రావిటీ పథకాలు ఉన్నాయి. ఆ పైపు కూడా చాలాచోట్ల బాటను అడ్డంగా దాటుతుంది, మీద పలచగా మట్టి మాత్రం కప్పి ఉంటుంది. తెలిసినవాడు ముందు బండి దిగి, కర్ర పట్టుకుని, తనే నడిచి దాటి చూస్తాడు. లోతెంత, అడుగున ఇసుకా రాయా, అవతలి ఒడ్డు ఎక్కడానికి వీలుందా, చెలమ ఎటు ఉంది. తర్వాత ఉన్న రేవులోనే, మెల్లగా, ఒక్కసారే దాటతాడు. నీళ్ళు మోకాలు దాటి వడిగా ఉంటే వెనక్కి తిరుగుతాడు, లేదా తగ్గేదాకా కూర్చుంటాడు. తెలియనివాడు గెడ్డ వెంబడి పైకీ కిందికీ బండి తోలుతాడు, స్నేహితుడు అవతలి ఒడ్డున ఫోను పట్టుకుని నిలబడతాడు. ఇరుసుల గ్రీజు, ఇంజన్ నూనె, కలిసిన బురద అన్నీ కిందివాళ్ళ బిందెల్లోకే పోతాయి. బండికి ప్రమాదం వచ్చేది కూడా ఇలా తోలినప్పుడే. కనపడని గుంతలో పడి, గాలి పీల్చే గొట్టంలోంచి ఇంజన్‌లోకి నీళ్ళు పోతే దాన్ని విప్పి బాగుచేయడానికి నర్సీపట్నం దాకా లారీ మీద వేసుకు రావాలి.

చెట్ల మాట కూడా ఇక్కడే చెప్పాలి. దిగబడ్డ బండిని విన్చితో లాగాలంటే తాడు ఒక చెట్టుకు కట్టాలి. చింతపల్లి, గూడెం ప్రాంతంలో బాట పక్కన చేతికందే చెట్టు చాలాసార్లు సిల్వర్ ఓక్. అది అడవి చెట్టు కాదు, కాఫీ మొక్కలకు నీడ కోసం రైతు పెంచినది. దాని మొదట్లోంచి మిరియాల తీగ పాకించి ఉంటుంది. ఆ తీగ కాపుకు రావడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. ఉక్కు తాడు చుట్టి లాగితే తీగ తెగుతుంది, చెట్టు బెరడు లేచిపోతుంది. తాడుకూ చెట్టుకూ మధ్య వెడల్పాటి పట్టీ వాడాలని తయారీదారులే చెబుతారు. పట్టీ ఉన్నా, తీగ ఉన్న చెట్టును వదిలేసి ఇంకో చెట్టు వెతుక్కోవాలి. దొరక్కపోతే పార తీసుకుని తవ్వుకోవాలి. అప్పుడే ఊళ్ళోంచి ఎవరైనా వచ్చి ఒక చెయ్యి వేస్తే, వాళ్ళ పనిగంటలు మనకు ఇచ్చారని గుర్తుపెట్టుకుని కూలి లెక్కగట్టి ఇవ్వడం న్యాయం. వందేళ్ళ కిందట ఇదే దారిలో కూలి ఎగ్గొట్టిన ఫలితం ఏమైందో పైన చెప్పుకున్నాం.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం: ‘రెండు మూడు జీపుల వల్ల కొండ కరిగిపోతుందా? రోజూ తిరిగే క్వారీ లారీలు, రోడ్డు పనుల పొక్లెయిన్లు, స్థానిక బొలెరోలు చేసేదానిలో ఇది ఎన్నో వంతు?’ లెక్క ప్రకారం ఈ ప్రశ్న సరైనదే. పొక్లెయిన్ ఒక్క రోజులో తొలిచేది పది జీపులు ఏడాదిలో తొలచలేవు. కానీ లారీ, పొక్లెయిన్ పనిచేసే చోట కాంట్రాక్టరు ఉంటాడు, ఇంజనీరు ఉంటాడు, పాడైతే నిలదీయడానికి ఎవరో ఒకరు ఉంటారు. సరదా జీపు వెళ్ళేది ఎవరి బడ్జెట్‌లోనూ లేని బాటలకు. గాడి పడితే పూడ్చేది ఊరివాళ్ళే, తట్ట, పార పట్టుకుని, పని మానుకుని. బొలెరో నడిపే కుర్రాడి సంగతికి వస్తే, అతను రేపు మళ్ళీ అదే బాటలో రావాలి. అందుకే అతను గాడి అంచు మీద చక్రం పెట్టి పోతాడు, వాన వస్తే ఆగుతాడు, ఎక్కడ రాయి వేయాలో అక్కడ దిగి వేస్తాడు. తిరిగి రానివాడికి ఆ అవసరం లేదు. తేడా బండి బరువులో లేదు, మళ్ళీ రావాల్సి ఉండటంలో ఉంది.

రెండో అభ్యంతరం ఇంకొంచెం బరువైనది. ‘బయటివాళ్ళు వస్తేనే కదా కొండమీద నాలుగు డబ్బులు తిరిగేది? ఇన్ని నియమాలు పెడితే ఎవరు వస్తారు?’ లంబసింగిలో గుడారాలు అద్దెకిచ్చేవాళ్ళను, వెదురుబొంగులో చికెన్ కాల్చి అమ్మేవాళ్ళను, స్ట్రాబెర్రీ బుట్టలు పట్టుకుని రోడ్డు పక్కన నిలబడే ఆడవాళ్ళను చూసినవాళ్ళెవరూ ఈ మాటను కొట్టిపారేయలేరు. కానీ స్వయంసమృద్ధి అని గొప్పగా చెప్పుకునే ఈ రకం ప్రయాణంలోనే డబ్బు తక్కువ దిగుతుంది. బియ్యం కింద నుంచి తెచ్చుకుంటారు, గుడారం తమదే, డీజిల్ నర్సీపట్నంలో నింపుకుంటారు, మిగిలిందల్లా చెత్త. నిజంగా కొండకు మేలు చేయాలనుకుంటే మూటలు తగ్గించుకుని రాజ్మా, రాగులు, కాఫీ, కోడి అక్కడే కొనాలి. దారి చూపడానికి ఆ ఊరి మనిషిని రోజుకూలికి మాట్లాడుకోవాలి. దారి చూపే మనిషి ముందు సీట్లో ఉంటే మిగతా నియమాలు వాటంతటవే నడుస్తాయి, ఎందుకంటే ఏది ఎవరి చేనో, ఏది ఎవరి చెలమో, ఏ మెట్ట మీద దేవత ఉందో అతనికి తెలుసు.

మూడో మాట అడవిని ప్రేమించేవాళ్ళ నుంచి వస్తుంది. ‘తారు రోడ్డు వచ్చాక అడవి పోతుంది. ఈ బాటలు ఇలాగే ఉండనివ్వడం మంచిది కాదా?’ ఈ మాట అనేవాళ్ళ ఉద్దేశం మంచిదే. బాక్సైట్ గొడవ చూసిన ఊళ్ళలో కూడా పెద్ద రోడ్డంటే అనుమానం ఉంది. కానీ ఊరికి కావాల్సిన చిన్న రోడ్డుకూ గనికి కావాల్సిన పెద్ద రోడ్డుకూ చట్టమే తేడా చూపింది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం రోడ్డు, బడి, ఆసుపత్రి లాంటి వసతి కోసం ఒక్కోదానికి హెక్టారు లోపు అటవీ భూమిని, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకుండా, గ్రామసభ సిఫార్సు మీద ఇవ్వవచ్చు. అంటే అడవి ఉంటూనే అంబులెన్సు వెళ్ళే దారి సాధ్యం. ఆ దారి వస్తే మనకు ఒక మంచి ఆఫ్‌రోడ్ బాట తగ్గుతుంది. తగ్గనివ్వాలి. తన సరదా కోసం ఇంకొకరి ఊరు డోలీ మీదే ఉండాలని కోరుకునే హక్కు ఏ ప్రయాణికుడికీ లేదు. తారు పడిన బాట పోతే పోడు మెట్టల మీద కొత్త బాట తీస్తామనడం అంతకన్నా తప్పు. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా చొరబడటం, నిప్పు రాజేయడం 1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం కింద నేరాలు. వేసవిలో రాలిన ఆకు మీద ఒక్క నిప్పురవ్వ పడితే చాలు.

మిగతా ప్రపంచం ఈ చిక్కును ఎలా విప్పుకుందో రెండు ఉదాహరణలు చెబుతాను. ఐస్‌లాండ్ దేశానికి కొండబాటల్లో ఫోర్ బై ఫోర్ ప్రయాణాలు ఒక ఆకర్షణ. అయినా అక్కడ బాట దాటి చక్రం పెట్టడం చట్టరీత్యా నేరం, జరిమానాలు పెద్దవి. మంచు కరిగి నేల మెత్తబడ్డ రోజుల్లో ఆ కొండబాటలను మూసేసి, నేల గట్టిపడ్డాక ఎండాకాలంలోనే తెరుస్తారు. ఆస్ట్రేలియాలోని కానింగ్ స్టాక్ రూట్ మన కథకు ఇంకా దగ్గర. పశువులను తోలుకుపోవడానికి ఆ దారిని 1906లో సర్వే చేసిన ఆల్ఫ్రెడ్ కానింగ్, నీటి ఊటలు చూపించమని ఆదివాసులను గొలుసులతో కట్టి తిప్పాడు. దాని మీద 1908లో విచారణ సంఘమే వేయాల్సి వచ్చింది. ఇప్పుడు సుమారు 1,850 కిలోమీటర్ల ఆ దారి ప్రపంచంలోని జీపు ప్రయాణికులందరికీ కల. అయితే వెళ్ళాలంటే ఆ నేల హక్కుదారులైన ఆదివాసుల అనుమతి పత్రం తీసుకోవాలి. బలవంతంతో పుట్టిన దారే ఇప్పుడు వాళ్ళ అనుమతితో నడుస్తోంది.

మన దగ్గర ఇది కుదరదనడానికి కారణం కనపడదు. చింతపల్లి, గూడెం కొత్తవీధి, కొయ్యూరు అయిదో షెడ్యూలు ప్రాంతాలు. 1996 పెసా చట్టం అక్కడి గ్రామసభలకు తమ వనరుల మీద మాట చెప్పే హక్కు ఇచ్చింది. మారేడుమిల్లిలో అటవీశాఖతో కలిసి వనసంరక్షణ సమితులు పర్యాటక విడిది నడిపిన అనుభవం ఎన్నో ఏళ్ళుగా ఉంది. కొండమీద అడ్డుకర్ర పెట్టి ప్రయాణికుణ్ణి ఆపే ఆచారం ఇప్పటికే ఉంది కూడా. చైత్రంలో ఇటుకల పండుగ రోజుల్లో మగవాళ్ళు వేటకు వెళ్తే ఆడవాళ్ళు బాటకు అడ్డంగా కర్ర పట్టుకుని, పాడుతూ, వచ్చే ప్రతి బండినీ ఆపి పజోరు, అంటే పండుగ మామూలు, అడుగుతారు. ఇవ్వందే కదలనివ్వరు. పండుగ పజోరును పండుగకే ఉంచి, అలాంటి కర్రే ఒకటి గ్రామసభ తీర్మానంతో ఏడాది పొడుగునా సరదా బండ్లకు పెట్టుకోవచ్చు. బండికి ఇంత అని రుసుము, వెంట ఊరి మనిషి, గుడారం వేసుకునే చోటు ఊరు చూపించినదే, చెత్త తిరిగి తీసుకెళ్తేనే ధరావతు వాపసు. వచ్చిన డబ్బు ముందు బాట పక్క కాలవలు తీయడానికి, గాళ్ళలో రాళ్ళు నింపడానికి. గంజాయి రవాణా వల్ల ఈ దారుల్లో పోలీసు చెక్‌పోస్టులు ఎలాగూ ఉన్నాయి. తెలియని బండి కనపడితే ఊళ్ళకూ భయమే, ప్రయాణికులకూ చిక్కే. ఊరి చీటీ చేతిలో ఉంటే ఇద్దరికీ ఆ చిక్కు తగ్గుతుంది.

కాలం విషయంలో మాత్రం బేరం పెట్టుకోకూడదు. జూలై నుంచి అక్టోబరు దాకా మట్టిబాటలకు సరదా బండ్లను రానివ్వకూడదు. తుపాను వస్తే నవంబరులోనూ అంతే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ ఈ కొండల్లో సిల్వర్ ఓక్ చెట్లను ఎలా పడగొట్టిందో కాఫీ రైతులు మర్చిపోలేదు. వానాకాలంలో కొండలు చూడాలనుకునే స్నేహితులకు నర్సీపట్నం నుంచి డౌనూరు ఘాట్ మీదుగా లంబసింగి, తాజంగి రిజర్వాయరు, చింతపల్లి దాకా తారు రోడ్డు ఉంది. పచ్చదనం అప్పుడే ఎక్కువ, జనం అప్పుడే తక్కువ. డిసెంబరు వచ్చి నేల గట్టిపడ్డాక, కాఫీ కోతల బొలెరోలకు దారి ఇస్తూ, టైర్లలో గాలి తగ్గించుకుని, ‘లో’ గేరులో మెల్లగా సీలేరు వైపు బయల్దేరవచ్చు.